బెజవాడ ఎండలో పోల్ డ్యాన్స్: ఎక్కే ముందు దిగడం నేర్చుకోండి

పటమటలోని మా ఫ్లాట్‌లో చిన్న గది ఒకటుంది. మూడేళ్ల కిందటి దాకా అందులో బియ్యం డ్రమ్ము, పాత సూట్‌కేసులు, మావాడు తొక్కడం మానేసిన సైకిలు ఉండేవి. ఇప్పుడు నేల నుంచి స్లాబు దాకా నిలబెట్టిన 45 మిల్లీమీటర్ల ఇత్తడి పోల్ ఒక్కటే ఉంది. బిగించిన రోజు మా అత్తయ్య గుమ్మంలో నిలబడి కిందికీ పైకీ చూసి, "ఏంటమ్మా ఇది, ఇంట్లో ధ్వజస్తంభం ఎత్తించావు?" అన్నారు.

నేను బ్యాంకులో పనిచేస్తాను. పొద్దున్నించి సాయంత్రం దాకా కుర్చీలోనే. 36 ఏళ్లకే మెడ పట్టేసి, బీరువా పైనుంచి గిన్నె దించాలన్నా భుజం కలుక్కుమనే స్థితికి వచ్చాను. ట్రెడ్‌మిల్ ఎక్కితే గడియారమే చూస్తూ ఉండేదాన్ని. బెంగళూరులో చెల్లెలి దగ్గరికి వెళ్లినప్పుడు తనతో పాటు ఒక పోల్ క్లాసుకి వెళ్లాను. ఆ గంటలో ఒక్కసారి కూడా గడియారం వైపు చూడలేదు. తర్వాత ఏడాదిపాటు నెలకోసారి రాత్రి రైలెక్కి వెళ్లి నేర్చుకుని, మిగతా రోజులు ఇంట్లో సాధన చేశాను. విజయవాడలోనో గుంటూరులోనో ఉండి ఇది మొదలుపెట్టాలనుకునేవాళ్లకు నాకు తెలిసిందంతా వరసగా చెప్తాను.

మొదట ఒక సంగతి. ఇప్పుడు మనం చూసే పోల్ డ్యాన్స్, క్లబ్బుల్లో డ్యాన్స్ చేసి బతికిన ఆడవాళ్ల చేతుల్లో తయారైంది. దాన్ని దాచిపెట్టి "అబ్బే, ఇది ఉట్టి వ్యాయామమే" అనడం నాకు ఇష్టం ఉండదు. మనం నేర్చుకునే స్పిన్నులు (పోల్ పట్టుకుని చుట్టూ తిరగడాలు), పట్లు చాలావరకు వాళ్లు కనిపెట్టినవే. తర్వాత అది జిమ్నాస్టిక్స్ వైపు కూడా పెరిగింది. అంతర్జాతీయ పోల్ స్పోర్ట్స్ సమాఖ్య 2009లో ఏర్పడింది, 2012లో లండన్‌లో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. మన దేశంలో కొయ్యస్తంభం మీద చేసే మల్లఖంబ్ ఇంతకన్నా చాలా పాతది. ఆ విద్య నేర్పే ఉదయ్ దేశ్‌పాండే గారికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు. మన పల్లెల సంగతి చెప్పాలంటే, దొమ్మర కళాకారులు ఊరి మధ్య గడ పాతితే దాని కొసన ఆడపిల్ల ఒంటిని విల్లులా వంచి ఆడేదని మా నాన్నమ్మ చెప్పేది. తెనాలి దగ్గర పల్లెలో చిన్నప్పుడు తను కళ్లారా చూసిందట. గడ మీద ఆడమనిషి కనిపించడం మనకు కొత్త కాదని అత్తయ్యకు నేను చెప్పిన మొదటి జవాబు అదే.

ముందు మీ ఒళ్లు ఏమంటోంది

సన్నగా ఉండాలని, డ్యాన్స్ వచ్చి ఉండాలని, ఒళ్లు రబ్బరులా వంగాలని ఏమీ లేదు. ఆడవాళ్లే చెయ్యాలని కూడా లేదు. బరువు ఎక్కువ ఉన్నవాళ్లు భయపడకుండా మొదలుపెట్టవచ్చు. పోల్ ఎంత బరువు మోస్తుందో కంపెనీ రాసి ఇస్తుంది, అది చూసుకుంటే చాలు.

కానీ కొందరు డాక్టరుతో మాట్లాడకుండా మొదలుపెట్టకూడదు. బీపీ అదుపులో లేనివాళ్లు, గ్లకోమా ఉన్నవాళ్లు, ఎప్పుడైనా భుజం కీలు జారినవాళ్లు, డిస్క్ సమస్య, హెర్నియా ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు. గర్భంతో ఉన్నప్పుడు కొత్తగా మొదలుపెట్టే పని కాదు ఇది. సిజేరియన్ అయినవాళ్లు పొట్ట కండరాలు మళ్లీ దగ్గరపడ్డాయో లేదో ఫిజియోథెరపిస్టుకు చూపించుకుని రండి.

పోల్ ముట్టుకోకముందు నాలుగు వారాలు

ఈ నాలుగు వారాలు ఎగ్గొట్టినవాళ్లు తర్వాత నాలుగు నెలలు భుజం నొప్పితో బాధపడతారు. చెయ్యాల్సింది పెద్దగా ఏం లేదు. రోజు విడిచి రోజు ఇరవై నిమిషాలు.

పుల్-అప్ బార్ ఉన్న జిమ్‌కో పార్కుకో వెళ్లి ఊరికే వేలాడండి. మొదటిరోజు నేను ఏడు సెకన్లు ఉన్నాను. ముప్ఫై సెకన్లు రావాలి. వేలాడుతూనే చేతులు వంచకుండా భుజాలను చెవుల నుంచి కిందికి లాగి వదలండి, ఎనిమిదిసార్లు. చూడ్డానికి ఏమీ జరగనట్టే ఉంటుంది గానీ పోల్ మీద మీ భుజాన్ని కాపాడేది ఈ ఒక్క కదలికే. నేల మీద ప్లాంక్, అంటే బోర్లా మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు పలకలా నిలపడం, నలభై సెకన్లు. మోకాళ్లు ఆనించి పుష్-అప్‌లు పది. వెల్లకిలా పడుకుని నడుము నేలకు అదిమి, కాళ్లూ భుజాలూ కొంచెం లేపి ఇరవై సెకన్లు. ముంజేతులకు మాత్రం ఇంట్లోనే మంచి కసరత్తు ఉంది. తడి దుప్పటి పిండడం. ఒకసారి కుడివైపు మెలి, ఒకసారి ఎడమవైపు మెలి. వాషింగ్ మెషీన్‌ని ఆ నెల కొంచెం విశ్రాంతిగా ఉండనివ్వండి.

గురువు

మొదటి పది పన్నెండు క్లాసులైనా మనిషి ఎదురుగా ఉండి నేర్పాలి. బెంగళూరు, ముంబై లాంటి ఊళ్లలో స్టూడియోలు ఉన్నాయి. సెలవులు కలిసొచ్చినప్పుడు రెండు మూడు రోజులు ఉండి వరసగా క్లాసులు తీసుకోవచ్చు. వీడియోలు ఆ తర్వాత గుర్తు చేసుకోవడానికి పనికొస్తాయి. మీ భుజం చెవి దాకా లేచిందని ఫోను చెప్పదు.

చేరేముందు నాలుగు మాటలు అడగండి. పోల్ కింద దళసరి పరుపు వేస్తారా? రెండు వైపులా నేర్పుతారా? తలకిందులు ఎప్పుడు చేయిస్తారు? పట్టుకుని సాయం చేసేముందు అడిగి ముట్టుకుంటారా? ఈ చివరిది అడగడానికి మొహమాటపడకండి. మంచి టీచర్ ఆ ప్రశ్నకు సంతోషిస్తారు. మొదటిరోజే ఫొటో కోసం తలకిందులుగా వేలాడదీసే చోట నుంచి నమస్కారం పెట్టి వచ్చేయండి.

పోల్, స్లాబు, ఫ్యాను

ఇంట్లో పెట్టుకునేది సాధారణంగా ప్రెజర్ పోల్. నేలకూ స్లాబుకూ మధ్య మర బిగించి ఒత్తిడి మీద నిలబెడతారు, డ్రిల్లింగ్ ఉండదు. అద్దె ఇంట్లోవాళ్లకు అదే మేలు. కానీ పైన ఉన్నది నిజంగా స్లాబు అయి ఉండాలి. ఫాల్స్ సీలింగ్ కింద బిగించడం చాలా ప్రమాదం. ఆ జిప్సం షీట్ మనిషి ఊపును ఆపలేదు. మా హాల్లో అందంగా ఫాల్స్ సీలింగ్ ఉంది కాబట్టే పోల్ సామాన్ల గదిలోకి వెళ్లింది. రేకులు, పెంకులు ఉన్న ఇంటికి ఇది కుదరదు. పాత బిల్డింగులో పెచ్చులూడుతున్నా, స్లాబులో చెమ్మ మచ్చలున్నా సివిల్ ఇంజినీరుకు చూపించకుండా బిగించవద్దు.

ఎత్తు టేపుతో కొలవండి. మన అపార్టుమెంట్లలో స్లాబు పదడుగులకు అటూ ఇటూగా ఉంటుంది. చాలా సెట్లు తొమ్మిది అడుగుల దాకానే వస్తాయి. అదనపు గొట్టం ముక్క విడిగా కొనాల్సి వస్తుంది, ఆర్డరిచ్చేటప్పుడే అడగండి.

పోల్ చుట్టూ మీ చెయ్యి చాపితే, కాలు చాపితే ఏదీ తగలకూడదు. అన్ని వైపులా అయిదడుగులు వదిలితే నిశ్చింత. ఇక మన ఇళ్లలో మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది, సీలింగ్ ఫ్యాను. రెక్క చివరికీ రెక్క చివరికీ 1200 మిల్లీమీటర్లు, అంటే మధ్యనుంచి రెండడుగులు. గది నడిమధ్య అదే ఉంటుంది, పోల్‌కి మంచి చోటూ అదే. నేను ఆ గదిలో ఫ్యాను తీయించేసి గోడకి వాల్ ఫ్యాను పెట్టించాను. పోల్ ఎక్కేటప్పుడు పైన రెక్కలు తిరుగుతూ ఉండటం కన్నా భయంకరమైనది నేను ఊహించలేను.

మందం 45 మిల్లీమీటర్లయితే చాలామంది చేతులకు సరిపోతుంది. పోటీల్లో వాడేది కూడా అదే. మరీ చిన్న చేతులైతే 40. లోహం సంగతి మన ఊరికి ముఖ్యం. స్టూడియోల్లో ఎక్కువగా కనిపించేది క్రోమ్. స్టెయిన్‌లెస్ స్టీల్ మెరుస్తుంది గానీ జారుడు ఎక్కువ. ఉక్కపోతలో నాకు నచ్చింది ఇత్తడి, ఒంటిని బాగా పట్టుకుంటుంది. కొన్నాళ్లకు నల్లబడుతుంది. చూడగానే చింతపండు పెట్టి తోమాలని చెయ్యి దురదపెడుతుంది, మా అత్తయ్య అయితే గిన్నెలో నానబెట్టి తెచ్చేశారు కూడా. అక్కర్లేదు, ఆ రంగు పట్టుకి అడ్డం కాదు. పాలిష్ ద్రావకాలు అసలే వద్దు, జిడ్డు పొర మిగులుతుంది. గిల్టు నగలు పెట్టుకుంటే దద్దుర్లు వచ్చే ఒళ్లయితే అది చాలావరకు నికెల్ పడకపోవడం. క్రోమ్ పూత అడుగున నికెల్ ఉంటుంది కాబట్టి పౌడర్ కోటింగ్ ఉన్న పోల్ తీసుకోండి.

ఆటోనగర్లో స్టీలు గొట్టం కోయించి, పైనా కిందా ప్లేట్లు వెల్డింగ్ చేయించి నిలబెడదామన్న ఆలోచన మా ఆయనకు వచ్చింది. మీ ఇంట్లోనూ ఎవరికో ఒకరికి వస్తుంది. ఒప్పుకోవద్దు. అక్కడి పనివాళ్ల నేర్పు గొప్పదే, లారీని విప్పి మళ్లీ కడతారు. కానీ మనిషి వేలాడుతూ తిరిగేటప్పుడు పడే పక్క ఊపుకి లెక్కగట్టి చేసిన సామాను వేరు.

ప్రతిసారీ మొదలుపెట్టేముందు రెండు చేతులతో పోల్‌ని గట్టిగా మెలిపెట్టి, కుదిపి చూడండి. అడుగు భాగం టైల్ మీద వెంట్రుకవాసి కదిలినా విప్పి మళ్లీ బిగించాలి. నేను కింద పెన్సిల్‌తో గీత గీసి పెట్టాను. గీత తప్పిందంటే ఆ పూట ముందు స్పానరే చేతిలోకి వస్తుంది.

చెమట

గ్రిప్ అంటే చేతిబలం అనుకుంటారు. సగం చర్మం పని. పొడి చర్మం లోహాన్ని పట్టుకుంటుంది, తడి చర్మం వదిలేస్తుంది. షార్ట్స్ వేసుకునేది అందుకే. తొడ, మోకాలి వెనక, చంక, నడుము పక్క, ఇవన్నీ చేతుల్లాగే పట్టుకునే చోట్లు. లెగ్గింగ్స్‌తో ఎక్కితే బట్ట జారి మనిషి కిందికొస్తుంది. మొదటి నెల అంతా నేల మీద పనే కాబట్టి ట్రాక్ ప్యాంటుతో గడిచిపోతుంది. ఎక్కడం మొదలయ్యాక షార్ట్స్ తప్పవు.

మల్లఖంబ్ వాళ్లు కొయ్యస్తంభానికి ఆముదం రాస్తారు, ఒరుసుకోకుండా. మనది పూర్తిగా ఎదురు దారి. సాధన ఉన్న రోజు ఒంటికి నూనె, లోషన్, దోమల క్రీము ఏదీ వద్దు. తలకి కొబ్బరినూనె పెట్టిన రోజు కూడా వద్దు, చెమటతో కలిసి మెడ మీదికీ వీపు మీదికీ దిగుతుంది. మేము ఆదివారం తలంటు పోసుకుంటాం కాబట్టి నాకు ఆదివారం సెలవు. టాల్కం పౌడర్ చల్లుకుంటే ఇంకా జారుతుంది. అరచేతులకు లిక్విడ్ చాక్, అంటే పూసుకుంటే ఆరిపోయే ద్రవం సుద్ద, బాగా పనిచేస్తుంది. చాక్ పూసుకుని, పూర్తిగా ఆరేదాకా ఆగండి.

పోల్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో మొదట్లో ఒకసారి, మధ్యలో రెండు మూడుసార్లు తుడవండి. అది ఇట్టే అంటుకుంటుంది, దీపం ఉన్న గదిలో వాడకండి. ఉంగరాలు, గాజులు, పట్టీలు, నల్లపూసలు తీసి ఒక డబ్బాలో పెట్టండి. మెట్టెలు తీయడానికి మనసొప్పనివాళ్లు మొదటి నెల పైన ప్లాస్టర్ చుట్టి నెట్టుకురావచ్చు. ఎక్కడం మొదలయ్యాక పాదమే పోల్‌ని పట్టుకుంటుంది, అప్పుడు తీయాల్సిందే.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొద్దున్న అయిదున్నరకి మొదలుపెట్టి ఏడు లోపల ముగించండి. ఏసీ ఉంటే గది చల్లబడ్డాక మొదలుపెట్టవచ్చు. మరీ చల్లగా మాత్రం వద్దు, చల్లటి లోహం కూడా జారుతుంది. డిసెంబరు పొద్దుటిపూట పోల్‌ని అరచేతులతో రుద్ది వెచ్చబెట్టడం నాకు అలవాటు.

మొదటి నెల: పాదాలు నేల మీదే

వారానికి రెండు రోజులు, మధ్యలో రెండు రోజుల ఎడం. గంటలో మొదటి పావుగంట ఒళ్లు వెచ్చబెట్టడానికి. మణికట్లు, భుజాలు, నడుము, తొడలు. చివరి పది నిమిషాలు సాగదీయడానికి. మిగిలిందే పని.

మొదటి వారం నడక. పోల్ పక్కన నిలబడి లోపలి చెయ్యి తలకన్నా కొంచెం పైన పట్టుకోండి. ముని వేళ్ల మీద లేచి, ఒళ్లు బయటికి వాల్చి చుట్టూ నడవండి. చెయ్యి నిటారుగా ఉన్నా భుజం కిందికి లాగే ఉండాలి. వంద చుట్లు విసుగనిపిస్తాయి. ఆ వంద చుట్లలోనే మీ బరువు ఎక్కడుందో మీకు తెలుస్తుంది.

తర్వాత ఫైర్‌మ్యాన్ స్పిన్. దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం, మిగతావన్నీ దీని పిల్లలే. కుడివైపు చేస్తున్నామనుకోండి. పోల్ మీ కుడి పక్కన ఉంటుంది. కుడి చెయ్యి పైన, నుదుటికి పైగా. కుడి పాదం పోల్ మొదట్లో. ఎడమ కాలిని దూరంగా చాపి చుట్టూ విసురుతూ ఒక అడుగు తిరగండి. ఆ ఊపులోనే ఎడమ చెయ్యి ఛాతీ ఎత్తులో పోల్‌ని పట్టుకుంటుంది. పై చెయ్యి లాగుతుంది, కింది చెయ్యి నెడుతుంది. ఈ రెండూ కలిస్తేనే ఒళ్లు పోల్‌కి కొట్టుకోకుండా ఉంటుంది. ఇప్పుడు రెండు కాళ్లూ లేపి, మోకాళ్లతో పోల్‌ని అటూ ఇటూ అదమండి, ఒకటి ముందు, ఒకటి వెనక. పిరుదులు కొంచెం వెనక్కి. ఒక చుట్టు తిరిగి మెల్లగా నేలకి వస్తారు. పాదాలు చప్పుడు చెయ్యకుండా ఆనాలి. ధభీమని పడితే స్పిన్ బాగా వచ్చినా రానట్టే లెక్క. ఎగిరి అందుకోవద్దు. ఎగిరితే ఊపంతా ఒక్క భుజం మీద పడుతుంది.

కుడివైపు పది చేస్తే ఎడమవైపు పన్నెండు చేయండి. ఎడమవైపు పరాయివాళ్ల ఒంటిలా ఉంటుంది. నేను మొదటి రెండు నెలలు కుడివైపే ముద్దుచేసి, కుడి భుజంలో నొప్పి తెచ్చుకుని ఆరు వారాలు ఆగిపోయాను. ఫిజియోథెరపిస్టు మొదట అడిగిన ప్రశ్న "రెండోవైపు ఎన్నిసార్లు చేస్తారు?" అని.

ఎక్కడం, దిగడం

రెండో నెలలో ఎక్కడానికి వస్తాం. ఇక్కడ నాకు మా తాతగారి పొలం గట్టున తాటిచెట్లు ఎక్కే గీత కార్మికుడు గుర్తొస్తాడు. నడుముకీ చెట్టుకీ కలిపి మోకు, కాళ్లకు తాడు. చేతులతో ఒళ్లు లాక్కునేవాడు కాదు. కాళ్లు పైకి ముడుచుకుని, పాదాలు బిగించి, నిలబడేవాడు. మళ్లీ ముడుచుకుని, మళ్లీ నిలబడేవాడు. ఎంత నెమ్మదిగా ఎక్కేవాడో అంతే నెమ్మదిగా దిగేవాడు. దిగేటప్పుడు ఒక్కసారి కూడా తొందరపడలేదు. ఇంటర్నెట్లో చూసిన ఏ వీడియో కన్నా ఆయన నాకు బాగా నేర్పాడు.

పోల్‌కి ఎదురుగా నిలబడి రెండు చేతులూ తల పైన. ఒక కాలు లేపి మోకాలు బయటికి, ముంగాలు (మోకాలి కింద ముందువైపు) పోల్‌కి అడ్డంగా ఆనించి, పాదాన్ని మడిచి పోల్ చుట్టూ కొక్కెంలా తగిలించండి. రెండో కాలి పిక్కతో వెనకనుంచి అదమండి. ఈ రెంటి మధ్య పోల్ పట్టకారులో చిక్కినట్టు ఉండాలి. ఇప్పుడు కాళ్లు నిటారు చేసి నిలబడండి. చేతులు పైకి. మోకాళ్లు ఛాతీ దగ్గరికి. మళ్లీ పట్టకారు. ముంగాలి మీద, పాదం పైభాగాన మంట పుడుతుంది. మొదటి రెండు వారాలు అది మామూలే.

ఒక్క మెట్టు ఎక్కి దిగండి. అది నెమ్మదిగా, చప్పుడు లేకుండా వచ్చేదాకా రెండో మెట్టు వద్దు. దిగడమంటే జారడం కాదు, జారితే చర్మం కాలుతుంది. కాళ్లు కొంచెం వదులు, చేతులు ఒకదాని కింద ఒకటి, మళ్లీ కాళ్లు బిగింపు. పైకెక్కే సత్తువంతా ఖర్చుపెట్టేస్తే దిగడానికి ఏమీ మిగలదు. చేతిలో సగం బలం ఉండగానే దిగడం మొదలుపెట్టాలి. పోల్ మీద జరిగే ప్రమాదాల గురించి నాకు తెలిసినంతలో ఇదే అన్నిటికన్నా పెద్ద మాట.

కూర్చోవడం

పోల్ సిట్ అంటే కొంచెం ఎక్కి, రెండు తొడల మధ్య పోల్‌ని ఇరికించి, కాళ్లు ఒకదానిమీద ఒకటి వేసి అదిమి కూర్చోవడం. తొడ లోపలి చర్మం గిల్లినట్టు నొప్పి పుడుతుంది. నాలుగైదు వారాలు పట్టి చేస్తే తగ్గుతుంది. మొదట రెండు చేతులూ పట్టుకునే కూర్చోండి. ఆపైన ఒక చెయ్యి వదలండి. రెండూ వదలడం ఆఖరున.

నా దెబ్బ ఇక్కడే తగిలింది. మే నెల, ఒక సాయంత్రం. ఎక్కి కూర్చున్నాక కరెంటు పోయింది. ఏసీ ఆగింది. దిగిపోవాల్సింది, ఇంకొక్కసారి చేతులు వదిలి చూద్దామనుకున్నాను. తొడల దగ్గర సన్నగా తడి మొదలైన సంగతి తెలుస్తూనే ఉంది. ఒళ్లు సర్రున జారింది. అప్పట్లో పోల్ కింద రెండు దూది పరుపులు పక్కపక్కన వేసుకునేదాన్ని. నా కుడి పాదం సరిగ్గా ఆ రెంటి మధ్య సందులో దిగి, మడమ మెలిపడింది. మూడు వారాలు క్రేప్ బ్యాండేజీతో బ్యాంకుకి వెళ్లాను. ఆ నెలలోనే నాలుగంగుళాల మందం, మధ్యలో పోల్‌కి కన్నం, ఒకవైపు చీలిక ఉండి చుట్టూ ఒకే ముక్కగా పరుచుకునే మ్యాట్ కొన్నాను. డబ్బు చాలకపోతే పోల్ కొనడం రెండు నెలలు వాయిదా వేయండి గానీ మ్యాట్ లేకుండా మొదలుపెట్టకండి. ఒళ్లు తడిసిందని తెలిసిన క్షణం ఇక ఆ పూటకి దిగడమే.

తలకిందులు

అందరికీ దీని మీదే ఆశ. ఆరు నెలలకు రావచ్చు, ఏడాదికి రావచ్చు. మీరు సిద్ధమో కాదో ఇలా చూసుకోండి. మూడుసార్లు వరసగా స్లాబు దగ్గరదాకా ఎక్కి చప్పుడు లేకుండా దిగగలగాలి. పోల్ పక్కన నిలబడి, ఎగరకుండా మోకాళ్లు ఛాతీకి ముడుచుకుని పది సెకన్లు వేలాడగలగాలి, రెండు వైపులా. అది వస్తే టీచర్ ఎదురుగా మొదలుపెట్టండి. ఆ ముడుచుకున్న స్థితి నుంచే తల వెనక్కి వాల్చి, నడుము పైకి తిప్పుతారు. కాళ్లు విసిరి ఊపుతో వెళ్లడం వద్దే వద్దు. బలం లేనిచోట ఊపు దూరితే భుజం ముందువైపు కండరాలు చీరుకుంటాయి. ఒక చెయ్యి మెలితిప్పి పట్టే ట్విస్టెడ్ గ్రిప్‌ని మొదటి ఏడాది పూర్తిగా మర్చిపోండి.

పైకి వెళ్లాక కూడా అదే లెక్క. కాలు తగిలించి అందంగా వేలాడటం కన్నా, అక్కడనుంచి మళ్లీ ముడుచుకుని పాదాల మీదికి రావడం ముందు నేర్చుకోండి. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు తలకిందులు చేయవద్దు. నేను ఇప్పటికీ గదిలో ఇంకొకరు ఉంటేనే చేస్తాను.

మచ్చలు, నొప్పులు

తొడల మీద, ముంగాళ్ల మీద కమిలిన మచ్చలు వస్తాయి. పోల్ వాళ్లు వాటిని ముద్దుగా పోల్ ముద్దులు అంటారు. మొదటిరోజు చల్లటి గుడ్డ పెట్టండి. వేడి నూనెతో రుద్దడం మన ఇళ్లలో అలవాటు, కొత్త కములు మీద అది చేయకండి. కండరం నొప్పి రెండు రోజుల్లో పోతుంది. కీలులో పొడిచినట్టు నొప్పి, చేతివేళ్లు తిమ్మిరెక్కడం, భుజంలో టక్కుమని చప్పుడు, రాత్రి నిద్ర లేపే నొప్పి, వీటిలో ఏది వచ్చినా సాధన ఆపి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. మోచేతి లోపలివైపు సన్నగా మొదలయ్యే నొప్పిని చాలామంది పట్టించుకోరు. గట్టిగా పట్టుకోవడం అతిగా జరుగుతోందని దానర్థం. వారం విశ్రాంతి ఇస్తే పోయేది, అశ్రద్ధ చేస్తే నెలలు ఉంటుంది.

ఇంట్లోవాళ్లు, ఫోను

సాధన వీడియో తీసుకోండి, మీ భుజాలు ఎక్కడున్నాయో చూసుకోవడానికి. ఎవరికైనా చూపించాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. కిటికీకి దళసరి కర్టెన్ వేయండి. అడిగినవాళ్లకు ఏం చెప్పాలో ముందే అనుకుని పెట్టుకోండి. నేను ఆఫీసులో "పోల్ ఎక్సర్‌సైజు చేస్తాను" అని మామూలు గొంతుతో చెప్పాను, రెండు రోజులు అడిగి ఊరుకున్నారు. చాటుగా చెప్పి ఉంటే ఆర్నెల్లు అడిగేవాళ్లు. అత్తయ్యను మొదటి నెలలోనే గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. నేను ప్లాంక్‌లో ఉంటే ఆవిడ అంకెలు లెక్కపెట్టేవారు. నలభై దాకా లెక్కపెట్టినవాళ్లు ఆ తర్వాత ఎదురు మాట్లాడరు, మనతో కలిసి కష్టపడ్డట్టే.

ఆపైన

చాలా పోల్‌లు రెండు రకాలుగా పనిచేస్తాయి. చిన్న అలెన్ కీతో మర వదులు చేస్తే పోలే తిరగడం మొదలుపెడుతుంది. నాలుగో నెల దాకా దాని జోలికి పోవద్దు. తిరిగే పోల్ మీద ఒళ్లు దగ్గరికి ముడిస్తే వేగం పెరుగుతుంది, చాపితే తగ్గుతుంది. కళ్లు తిరిగితే పోల్ మీదే చూపు నిలిపి, ఒళ్లు చాపి, మెల్లగా కిందికి రండి. ఖాళీ కడుపుతో వద్దు, కడుపునిండా తిని అసలే వద్దు. నేను గంట ముందు ఒక అరటిపండు తింటాను.

వచ్చిన కదలికలు కలిపి ఒక పాటకి కట్టుకోండి. నడక, ఫైర్‌మ్యాన్, ఒక్క మెట్టు ఎక్కి కూర్చోవడం, దిగడం. మొదటిసారి అలా కలిపి చేసిన పొద్దున్న కిందికి వచ్చేసరికి అత్తయ్య కుర్చీలో ముందుకు వంగి ఉన్నారు. "కాళ్లు చప్పుడు కాలేదమ్మా" అన్నారు. తర్వాత లేచి గుడ్డ తీసుకుని, తన చెయ్యి అందినంత మేర పోల్ తుడిచి, ఇడ్లీలు దించడానికి వంటింట్లోకి వెళ్లారు.